సామూహిక అటవీ హక్కులకు దరఖాస్తు విధానం: ఫారం-బి, ఫారం-సి

శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి మండలాల కొండ గూడాల్లో అటవీ హక్కులు అనగానే పోడు పట్టా ఒక్కటే గుర్తుకు వస్తుంది. ఫారం-ఎ ద్వారా కుటుంబానికి గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు ఇచ్చే ఆ పట్టా ముఖ్యమైనదే. అయితే ఊరంతా కలిసి వాడుకునే చింత తోపు, గెడ్డ (కొండవాగు), పశువుల మేత కొండ, మందు మొక్కలు దొరికే చోటు ఆ పట్టాలోకి రావు. వాటి కోసం 2006 అటవీ హక్కుల చట్టం మరో రెండు దరఖాస్తులను ఏర్పాటు చేసింది. అటవీ ఫలసాయం, మేత, చేపల వేట, సంప్రదాయ విజ్ఞానం వంటి సామూహిక హక్కులకు ఫారం-బి, ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న అడవిని తానే నిర్వహించుకునే హక్కుకు ఫారం-సి వాడాలి. ఈ రెండు ఫారాలూ ఉచితంగా అందేలా చూడటం సబ్‌డివిజన్ స్థాయి కమిటీ బాధ్యత కనుక వీటికి ఎవరికీ రూపాయి ఇవ్వనక్కరలేదు.

దరఖాస్తు పెట్టేది వ్యక్తి కాదు, గ్రామసభ. పంచాయతీ ఏర్పాటు చేసే గ్రామసభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది. అందులో మూడింట రెండు వంతులకు తగ్గకుండా గిరిజనులు, మూడో వంతుకు తగ్గకుండా మహిళలు ఉండాలి. గ్రామసభ తరఫున రెండు ఫారాలనూ సిద్ధం చేసేది ఈ కమిటీయే. తీర్మానం చేసే రోజున సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి, హక్కు కోరుతున్నవారిలో సగం మందైనా స్వయంగానో ప్రతినిధి ద్వారానో హాజరవ్వాలి. కోరం లేని తీర్మానం పై కమిటీల్లో నిలబడటం కష్టం కాబట్టి, పనుల రోజుల్లో హడావిడిగా సభ పెట్టి సంతకాలు సేకరించడం కంటే అందరూ ఊళ్లో ఉండే రోజును ఎంచుకోవడం మేలు.

ఫారం-సికి ప్రాణం పటం. దీన్ని సర్వేయరు కోసం ఎదురు చూడకుండా పెద్దలే మొదలుపెట్టవచ్చు. ఊరి వెనుక గెడ్డ ఎక్కడ మలుపు తిరుగుతుందో, అడ్డాకులు కోసే వాలు ఏదో, కొండచీపుర్లు పెరిగే మెట్ట ఎక్కడుందో, పూజలు జరిగే మాను ఏదో, శ్మశానం ఎటువైపో నడిచి చూసి గీయాలి. ఈ హద్దులు అటవీ శాఖ హద్దులతో సరిపోలనవసరం లేదని ఫారంలోనే రాసి ఉంది. అటవీ శాఖ అడవిని భాగాలుగా విడదీసి ఇచ్చిన కంపార్ట్‌మెంట్ నంబరు తెలిస్తే రాయాలి, తెలియకపోతే వదిలేయవచ్చు. పొరుగు ఊళ్ల పేర్లు మాత్రం తప్పక రాయాలి, ఏ వనరును వారితో పంచుకుంటున్నారో కూడా చెప్పడం మంచిది. హద్దుపై పేచీ వస్తే రెండు ఊళ్ల కమిటీలు కలిసి కూర్చోవాలి, గ్రామసభల మధ్య అప్పటికీ తేలకపోతే సబ్‌డివిజన్ కమిటీకి పంపాలి.

సాక్ష్యాలు కనీసం రెండు కావాలి. పాత ప్రభుత్వ రికార్డులు లేవని వెనుకాడవద్దు. పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే అదీ సాక్ష్యమే, పాత కట్టడాల ఆనవాళ్లు, పవిత్ర వృక్షాలు, చెరువులు కూడా సాక్ష్యాలే. ఫలానా పత్రమే తేవాలని ఏ కమిటీ పట్టుబట్టకూడదని, ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు కావచ్చు గాని వాటికి బదులు కాదని 2012లో సవరించిన నిబంధనలు స్పష్టం చేశాయి. మామిడి కొత్తల పండగ చేసేదాకా కాయ కోయని ఊళ్లు ఇక్కడ ఉన్నాయి. అటువంటి కట్టుబాటును వాంగ్మూలంలో చేరిస్తే ఊరు అడవిని నియమంతో వాడుకుంటోందని చూపినట్లవుతుంది.

సంప్రదాయ విజ్ఞానం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. చట్టంలోని 3(1)(కె) సెక్షన్ జీవ వైవిధ్యంపైనా, దానికి సంబంధించిన సంప్రదాయ విజ్ఞానంపైనా సామూహిక హక్కును గుర్తిస్తుంది. ఆ గడి నింపేటప్పుడు నాటువైద్యులు మందు మొక్కలు సేకరించే ప్రాంతాన్ని, ఆ వాడుక ఎంతకాలంగా ఉందో రాస్తే చాలు. ఏ వేరు ఎంత వేసి ఎలా నూరాలో రాయనవసరం లేదు. పేటెంట్ల చట్టం 3(పి) సెక్షన్ సంప్రదాయ విజ్ఞానానికి పేటెంటు ఇవ్వరాదని చెబుతున్నప్పటికీ, దరఖాస్తు ఎన్నో బల్లలు దాటుతుంది కనుక గుట్టు ఊరిలోనే ఉండటం క్షేమం.

దరఖాస్తు అందాక అటవీ హక్కుల కమిటీ అటవీ, రెవెన్యూ శాఖలకు ముందుగా తెలియజేసి క్షేత్ర పరిశీలన చేస్తుంది. వచ్చిన అధికారులు తమ హోదా, తేదీ, అభిప్రాయం రాసి అక్కడే సంతకం పెట్టాలి. పరిశీలనకు తాము రాలేదన్న కారణంతో ఆ శాఖలు తర్వాత అభ్యంతరం చెబితే పరిశీలన మళ్లీ జరుగుతుంది, అప్పుడూ రాకపోతే ఆ పరిశీలనపై గ్రామసభ నిర్ణయమే అంతిమం. కాబట్టి నోటీసు పంపినట్లు రసీదు దాచుకోవాలి.

గ్రామసభ తీర్మానంతో దస్త్రం ఆర్డీఓ స్థాయి అధికారి అధ్యక్షత వహించే సబ్‌డివిజన్ కమిటీకి, మందస వారికైతే పలాసకు, అక్కడి నుంచి కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక సీతంపేట, పార్వతీపురం ప్రాంతాల దస్త్రాలు పార్వతీపురం మన్యం జిల్లా కమిటీకే చేరాలి, పాత చిరునామాతో శ్రీకాకుళానికో విజయనగరానికో పంపకూడదు. సబ్‌డివిజన్ కమిటీ తిరస్కరిస్తే కారణాలను రాతపూర్వకంగా అడిగి తీసుకుని, 60 రోజుల్లోగా జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. వాదన వినిపించే అవకాశం ఇవ్వకుండా అర్జీని కొట్టివేయరాదు. హక్కు మంజూరయ్యాక అటవీ, రెవెన్యూ రికార్డుల్లో అది నమోదు కావడానికి నిబంధనలు గరిష్ఠంగా మూడు నెలల గడువు ఇచ్చాయి కనుక, పత్రం చేతికొచ్చిన తేదీని గ్రామసభ మినిట్స్‌లో రాసుకుని ఆ గడువు ముగియగానే తహసీల్దారు కార్యాలయంలో నకలు అడగాలి.