ఇటలీలో చిత్రాలు, చర్చిలు ఫొటో తీయాలనుకునేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

ఇటలీ టూర్ ఖాయమవగానే ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళకు మొదలయ్యే టెన్షన్ సామాను గురించే. కొత్త లెన్స్ కొనాలా, ట్రైపాడ్ పెట్టెలో పడుతుందా అని. ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేయండి. ఫ్లోరెన్స్‌లో ఉఫిజీ గ్యాలరీ గానీ, రోమ్‌లో వాటికన్ మ్యూజియంలు గానీ దాన్ని వాడనివ్వవు. సెల్ఫీ స్టిక్కుదీ అదే దారి. పాత చిత్రాలు ఉన్న చోట ఫ్లాష్ మాట మరిచిపోవాలి. ఆ డబ్బూ శ్రద్ధా టిక్కెట్ల మీద పెట్టండి. మంచి లెన్స్ లేకపోయినా ఫొటో వస్తుంది, టిక్కెట్ లేకపోతే గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

మిలాన్‌లో లియొనార్డో గీసిన ‘లాస్ట్ సప్పర్’ చూడ్డానికి ఒక్కో గుంపుకి ఇచ్చేది 15 నిమిషాలు. సీజన్‌లో ఆ టిక్కెట్లు చాలా ముందే అయిపోతాయి. రోమ్‌లో బొర్గేసే గ్యాలరీకీ ముందే టైమ్ బుక్ చేసుకోవాలి. ఉఫిజీ, బొర్గేసే సోమవారం మూసి ఉంటాయి. వాటికన్ మ్యూజియంలకు మామూలుగా ఆదివారం సెలవు. ఈ రెండు రోజులూ చూసుకోకుండా హోటల్ బుక్ చేసుకుని బాధపడేవాళ్ళు చాలామంది.

పాదువా ఊళ్ళో స్క్రోవెన్యి చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తొందరపడితే చేతికి ఏమీ రాని చోటు అది. 1305 ప్రాంతంలో జొట్టో అనే చిత్రకారుడు ఆ గోడలన్నీ చిత్రాలతో నింపాడు. మన ఒంటి తేమ, దుమ్ము వాటికి హాని చేయకుండా, ముందు ఒక అద్దాల గదిలో కూర్చోబెడతారు. అక్కడి గాలి సర్దుకున్నాక లోపలికి వదులుతారు. లోపల ఉండనిచ్చేది కూడా సాధారణంగా పావుగంటే. ఆ అద్దాల గదిలోనే కెమెరా సిద్ధం చేసుకోండి. ఫ్లాష్, ఫోకస్ లైటు, షట్టర్ చప్పుడు ఆపేయండి. ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురుని పట్టే సున్నితత్వం) 1600 నుంచి 3200 మధ్య పెట్టుకుంటే చేత్తో పట్టుకునే తీయవచ్చు. లోపలికి వెళ్ళాక ఒకవైపు గోడకే కిటికీలు ఉన్నాయని గమనిస్తారు. యూదా క్రీస్తుని కౌగిలించుకుని ముద్దు పెట్టే ఘట్టం ఆ గోడ మీదే ఉంది. కిటికీ ఫ్రేములోకి వస్తే కెమెరా ఆ వెలుగుకి సర్దుకుని బొమ్మని నల్లగా చేసేస్తుంది. కిటికీని వదిలి, బొమ్మ మీదే ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి ఎంత వెలుతురు రావాలనేది) లాక్ చేయండి. క్రీస్తు దేహం చుట్టూ చేరి అందరూ ఏడ్చే చిత్రం ఎదుటి గోడ మీద ఉంటుంది, అక్కడ ఈ ఇబ్బంది లేదు. ఏ బొమ్మలు కావాలో ముందే నాలుగైదు ఎంచుకోండి. మొదటి రెండు మూడు నిమిషాలు కెమెరా దించి, తల ఎత్తి చూడండి. పైకప్పుకి వేసిన ఆ నీలం ఏ ఫొటోలోనూ ఉన్నదున్నట్టు రాదు.

రవెన్నా ఊళ్ళో అయితే ఫ్లాష్ వేస్తే నియమం తప్పడమే కాదు, ఫొటో కూడా పాడవుతుంది. గల్లా ప్లాచీదియా సమాధి మందిరం అయిదో శతాబ్దానిది. కిటికీలకు పల్చటి అలబాస్టర్ రాతి పలకలు. వాటిగుండా తేనె రంగు వెలుతురు సన్నగా దిగుతుంది. పైన కప్పంతా ముదురు నీలం, దాని మీద బంగారు నక్షత్రాలు. ఇదంతా మొజాయిక్, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మ. ఆ ముక్కలు సమంగా పరిచినవి కావు. ఒక్కో ముక్క ఒక్కో వాలుకి ఉంటుంది కాబట్టి మనం కదులుతుంటే మెరుపు కదులుతుంది. ట్యూబ్‌లైటు కింద వెలవెలబోయే పట్టుచీర జరీ దీపం వెలుగులో ఎలా పలుకుతుందో, అదీ అలాగే. కళ్ళు అలవాటు పడేదాకా ఆగి, ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించి తీయండి. ఫోన్‌తో తీసేవాళ్ళు బాగా వెడల్పుగా తీసే లెన్స్ కాకుండా మామూలు లెన్స్‌నే వాడాలి. చీకట్లో వెడల్పు లెన్స్ మరకలు మరకలుగా తీస్తుంది.

రోమ్‌లో సాన్ లూయీజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చిలో చిత్రకారుడు కరవాజ్జియో గీసిన చిత్రాల్లో రెండు ఒక చాపెల్ పక్కగోడల మీద ఉంటాయి. మనం నిలబడేది ఎదురుగా కాదు, చాపెల్ ముందున్న అడ్డు దగ్గర. బొమ్మ ఏటవాలుగానే కనిపిస్తుంది. సూటిగా తీయాలని అడ్డు మీదకి వంగొద్దు. వచ్చినంత తీసి ఇంటికొచ్చాక సరిచేసుకోవచ్చు. ఇటలీలో చాలా చర్చిల్లో నాణెం వేస్తేనే లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. జేబులో చిల్లర యూరోలు ఉంచుకోండి. లైటు పడగానే వార్నిష్ మీద తెల్లటి మెరుపు వస్తుంది, అడుగు పక్కకి జరిగితే పోతుంది.

వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్లో ఫొటోలు పూర్తిగా నిషేధం. 1980ల్లో మొదలైన పెద్ద మరమ్మతుకి జపాన్ టీవీ సంస్థ ఒకటి డబ్బు పెట్టి, ఫొటో హక్కులు తీసుకుంది. ఆ గడువు ఎప్పుడో తీరిపోయినా నిషేధం అలాగే ఉంది. చాటుగా ఫోన్ ఎత్తేవాళ్ళను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. మికెలాంజెలో నాలుగేళ్ళు మెడ వెనక్కి వాల్చి గీసిన కప్పు అది. పావుగంట మెడ ఎత్తి చూడలేమా?

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వెనకడుగు. 2020లో పొస్సాన్యో ఊరి మ్యూజియంలో ఒక టూరిస్ట్ ఫొటోకి పోజిస్తూ, శిల్పి కనోవా చేసిన పావొలీనా (నెపోలియన్ చెల్లెలు) శిల్పం ప్లాస్టర్ నమూనాకి కాలివేళ్ళు విరగ్గొట్టాడు. 2025లో ఉఫిజీలో ఒకాయన చిత్రం ముందు ఫొటో కోసం వెనక్కి జరుగుతూ కాన్వాస్ మీద పడి చిల్లు పెట్టాడు. తెర చూస్తూ ఒక్క అడుగు కూడా వెనక్కి వేయొద్దు. కెమెరా దించి, వెనక్కి తిరిగి చూసి, అప్పుడు జరగండి. వీపు మీద బ్యాగ్ ఉంటే దాన్ని ముందుకి వేసుకోండి. పాంపేయి శిథిలాల్లోకైతే పెద్ద బ్యాగులు రానివ్వరు.

చర్చి అంటే అక్కడివాళ్ళకి మనకు గుడి ఎంతో అంత. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. ప్రార్థన జరుగుతుంటే కెమెరా తీయకండి, మోకరిల్లిన మనిషిని అసలే తీయకండి. చాలా చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళడం మేలు.

సొంతానికి తీసుకునే ఫొటోలకు 2014 నుంచి అక్కడి ప్రభుత్వ మ్యూజియంలలో ప్రత్యేక రుసుము లేదు. వాటిని క్యాలెండర్ మీదో ప్రకటనలోనో అచ్చువేసి అమ్ముకోవాలంటే మాత్రం వేరే సంగతి. కళాకారుడు పోయి అయిదు వందల ఏళ్ళయినా సరే, 2004 నాటి సాంస్కృతిక వారసత్వ చట్టం కింద అనుమతి, రుసుము అడుగుతారు. డ్రోన్ తీసుకెళ్ళొద్దు, రోమ్ నడిబొడ్డున ఎగరేస్తే పోలీసులతో పని పడుతుంది.

రోమ్‌లో తెర్మీని స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64వ నంబర్ బస్సులో జేబుదొంగలు ఎక్కువ. కెమెరా పట్టీ మెడలో కాకుండా అడ్డంగా వేసుకోండి. రోజూ రాత్రి ఫొటోలు రెండో చోటికి కాపీ చేసుకోండి. ఖరీదైన కెమెరా ఉంటే బయల్దేరే రోజు శంషాబాద్‌లోనో, మీరు విమానం ఎక్కే ఊళ్ళోనో కస్టమ్స్ కౌంటర్ దగ్గర సామాను చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అది అక్కడ కొన్నది కాదని మీరే నిరూపించుకోవాల్సి రావచ్చు. ఆ సర్టిఫికెట్ కోసం బిల్లు, సీరియల్ నంబర్ దగ్గర పెట్టుకుని, చెకిన్‌కి ముందు ఓ గంట ఎక్కువే చేతిలో ఉంచుకోండి.