కథ చెప్పే విద్య – 4వ పాఠం: తీర్పు వినేవారికే వదిలేయడం

కథను మూడు నిమిషాలకు కుదించడం గత పాఠంలో చూశాం. ఇప్పుడు నోరు ఎక్కడ ఆపాలో చూద్దాం. భక్తి కథలు చాలావరకు చెడేది అక్కడే.

బైబిల్లో రెండవ సమూయేలు 12వ అధ్యాయం తీసుకోండి. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్యను చేరదీసి, ఊరియాను యుద్ధంలో చనిపోయేలా చేశాడు. రాజుని ముఖం మీద నిలదీస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నాతాను ప్రవక్త కథ ఎత్తుకున్నాడు. ధనవంతుడికి బోలెడు గొర్రెలు, పశువులు. పేదవాడికి కొనుక్కున్న ఒక్క ఆడ గొర్రెపిల్ల. అది అతని పిల్లలతో పెరిగింది, అతని ముద్దే తినేది, అతని గిన్నెలోనే తాగేది, ఒళ్లో పడుకునేది. ధనవంతుడు తన ఇంటికొచ్చిన బాటసారి కోసం దాన్ని లాక్కుని వండించాడు.

అలాంటివాడు చావాల్సిందేనని దావీదే మండిపడ్డాడు. ఆ మనిషివి నువ్వేనన్నాడు నాతాను.

ఆస్తికి ఒక్క వాక్యం సరిపెట్టి, గొర్రెపిల్ల దగ్గర ఎంతసేపు ఆగాడో గమనించండి. పేర్లు లేవు. ధనవంతుణ్ణి దుర్మార్గుడనలేదు, అనేసి ఉంటే దావీదుకు చేయడానికి పనే ఉండదు. దావీదు ఒకప్పుడు గొర్రెల కాపరి. కథలోకి గొర్రెపిల్ల ఊరికే రాలేదని మా అభిప్రాయం.

మీ కథకు ముందుగా నీతిని కాగితం మీద రాసి పక్కన పడేయండి. ఆ మాట కథలో ఎక్కడా దొర్లకూడదు. తర్వాత అదే అన్యాయాన్ని వేరే వృత్తిలోకి మార్చండి. మరీ దగ్గరి పోలికైతే వినేవారు మొదటి వాక్యానికే పసిగట్టి మనసు మూసేసుకుంటారు. మరీ దూరమైతే తమకు తగిలించుకోరు. ఏదో ఒక్క వస్తువుకే కంటికి కనిపించే మూడు నాలుగు వివరాలు ఇవ్వండి. చివర “ఏం చేయాలంటారు?” అని అడిగి ఆగండి. ఐదు సెకన్ల మౌనం చెప్పేవారికి యుగంలా అనిపిస్తుంది, భరించలేక జవాబు తామే చెప్పేస్తారు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

దుఃఖంలో ఉన్నవారికి మాత్రం “నువ్వే” అని వేలు చూపే కథ పనికిరాదు. బిడ్డను పోగొట్టుకున్న కిసాగోతమిని బుద్ధుడు చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు. ఇంటింటికీ తిరిగి సంగతి ఆమే గ్రహించింది.

వచ్చే పాఠానికి: తెలిసిన కథలోంచి మంచివాడు, చెడ్డవాడు లాంటి మాటలన్నీ కొట్టేసి ఒకరికి చెప్పండి. వారి మొదటి మాటను ఉన్నదున్నట్టు రాసుకోండి. “కథ బాగుంది” అని ఊరుకుంటే, తీర్పు మీరే ఎక్కడో చెప్పేశారేమో ముందు అక్కడ వెతకండి.