చెన్నై నుంచి ఒంగోలు దాకా: ఒక్క రోజు ప్రయాణంలో పాత స్నేహితుల్ని కలవడం ఎలా?

నెల్లూరు జిల్లాలో చదువుకుని చెన్నైలో స్థిరపడినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. పండక్కి ఊరెళ్తే ఇల్లు, చుట్టాలు, గుడి, వీటితోనే సెలవు అయిపోతుంది. స్నేహితుల సంగతి "ఈసారి చూద్దాంలే" అంటూ ఏళ్ళు గడిచిపోతాయి. అందుకే ఒక రోజంతా వాళ్ళ కోసమే పెట్టుకుని కారు తీయడం మొదలుపెట్టాను. ఇప్పటికి మూడుసార్లు అయింది. మొదటిసారి చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

ముందు లెక్క: ముగ్గురు చాలు

చెన్నై నుంచి ఒంగోలు దాదాపు 300 కిలోమీటర్లు. నెల్లూరుకు 175, అక్కడి నుంచి ఒంగోలుకు 120 పైచిలుకు. దారంతా 16వ నంబరు జాతీయ రహదారే. ఊళ్ళోకి వెళ్ళి రావడం, టీకి ఆగడం కలుపుకుంటే ఆరు గంటలు రోడ్డు మీదే పోతాయి. మిగిలిన టైములో ముగ్గురిని కలవగలం. నేను మొదటిసారి ఐదుగురికి మాటిచ్చాను. ఏ ఇంట్లోనూ గంట మించి కూర్చోలేదు. మొదటి గంట "పిల్లలేం చదువుతున్నారు, బీపీ ఉందా, షుగర్ ఉందా" అనడానికే సరిపోతుంది. అసలు మాటలు బయటికొచ్చేది రెండో కాఫీ తర్వాతే. సరిగ్గా అప్పుడే నేను లేచి చెప్పులు వేసుకున్నాను. ఆ వెలితి చాలా రోజులు పోలేదు.

అందుకే నెల్లూరులో ఒకరు, కావలిలో ఒకరు, ఒంగోలులో ఒకరు అనుకోండి. మిగతావాళ్ళకు ఇంకో రోజు.

వారం ముందే ఫోన్ చేయండి

మెసేజ్ పెట్టి ఊరుకోకండి, గొంతు వినాలి. నంబరు లేకపోతే వాళ్ళ వీధిలో మెడికల్ షాపులోనో, పాత టీ అంగట్లోనో అడిగితే చాలా వరకు దొరుకుతుంది.

ఫోన్లో ఒక సంగతి తప్పకుండా తెలుసుకోండి. ఈ మధ్య వాళ్ళింట్లో ఏం జరిగింది? నేరుగా అడగలేకపోతే ఇద్దరికీ తెలిసిన వేరే స్నేహితుణ్ణి కనుక్కోండి. కావలిలో మావాడి ఇంటికి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే "నాన్న యాడరా, కనపడ్డంలా?" అని గట్టిగా అడిగేశాను. వాడేం మాట్లాడలేదు. చేత్తో గోడ వైపు చూపించాడు. పటానికి వేసిన గంధపు దండ అప్పటికే దుమ్ముపట్టి ఉంది. నాకు కబురు తెలియకుండానే రెండేళ్ళు అయిపోయింది. కాలేజీ రోజుల్లో నాకు బస్ చార్జీలకు డబ్బులిచ్చి పంపిన మనిషి ఆయన. ముందే తెలిసుంటే ఆ ఇంట్లోకి వేరే రకంగా అడుగుపెట్టేవాణ్ణి.

ఎవరింట్లో ఏం తింటారో తేల్చుకోండి

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ కాదు. మనవైపు ఇళ్ళల్లో తినకుండా పంపరు. చెప్పకుండా వెళ్తే మూడు ఇళ్ళల్లోనూ మీ కోసం అన్నం వండి పెట్టుకుంటారు. ఒకచోట తిని ఇంకోచోట వద్దంటే పొద్దుట్నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళ మనసు కష్టపడుతుంది. కాబట్టి స్పష్టంగా చెప్పండి. నెల్లూరులో టిఫిన్, కావలిలో మధ్యాహ్నం భోజనం, ఒంగోలులో రాత్రికి.

చేపల పులుసు పెడతామంటే ముందు రోజు రాత్రే కాచి ఉంచమనండి. మామిడికాయ ముక్క వేసిన పులుసు తెల్లారేసరికి ముక్కకు బాగా పడుతుంది. వాళ్ళకూ పొద్దున్నే హడావుడి ఉండదు, మీతో కూర్చుని మాట్లాడతారు.

బండి

ముందు రోజు కాదు, రెండు రోజుల ముందు చూసుకోండి. ఏదైనా తేడా ఉంటే బాగు చేయించడానికి టైము ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. స్టెప్నీలో గాలి చూడ్డం అందరూ మర్చిపోతారు. ఫాస్టాగ్‌లో డబ్బులు వేసుకోండి. వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు ఇలా టోల్ గేట్లు వరుసగా వస్తాయి. హైవే మీద సాయానికి 1033, అంబులెన్స్‌కు 108.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్లు వచ్చే కాలం. వాయుగుండం వార్త వింటే ప్రయాణం మానుకోండి. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చినప్పుడు నెల్లూరు దగ్గర ఈ హైవే మీదే రాకపోకలు ఆగిపోయాయి.

దారిలో

తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరండి. సూళ్ళూరుపేట దగ్గర శ్రీహరికోట రోడ్డు కనిపించగానే పులికాట్ చూసొద్దామని మనసు లాగుతుంది. ఈరోజు వద్దు. ఉత్తరానికి పోతుంటాం కాబట్టి పొద్దుటి ఎండ కుడిపక్క నుంచి కొడుతుంది. డ్రైవర్‌కు అటువైపే తగులుతుంది, చలువ కళ్ళద్దాలు దగ్గర ఉంచుకోండి. ఎనిమిదిన్నరకు నెల్లూరు చేరి, టిఫిన్ చేసి, పదకొండుకు లేస్తే కావలి మధ్యాహ్నానికి.

ఊళ్ళ దగ్గర రాంగ్ రూట్‌లో మోటారు సైకిళ్ళు ఎదురొస్తాయి, ఎడమ అంచుకు మరీ దగ్గరగా పోకండి. ఎండాకాలంలో ఉలవపాడు దగ్గర మామిడిపళ్ళ అంగళ్ళు చూసి ముందు కార్లు ఉన్నట్టుండి ఆగుతాయి. మీకూ పళ్ళు కావాలంటే మీ వైపున్న అంగట్లోనే కొనుక్కోండి, పరుగెత్తి రోడ్డు దాటకండి.

భోజనం తర్వాత

ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. చేపల పులుసు, పెరుగన్నం తిన్నాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. సింగరాయకొండ దగ్గర నాకూ అదే జరిగింది. చక్రం రోడ్డు అంచు తెల్లగీత దాటి గరగరమంది. పక్కసీట్లో మా ఆవిడ భుజం పట్టి కుదిపింది. బండి ఆపినా పావుగంట దాకా చేతుల వణుకు తగ్గలేదు. ఏసీ పెంచితే, పాటలు పెడితే ఆ నిద్ర పోదు. కావలిలోనే "ఒరే, ఒక అరగంట పడుకుంటా, చాప వెయ్" అని అడగండి. స్నేహితుడి ఇల్లే కదా. మూడున్నరకు లేచి టీ తాగి బయల్దేరితే ఐదింటికి ఒంగోలులో ఉంటారు, ఇంకా వెలుగుండగానే.

కూర్చున్నప్పుడు

ఫోన్ కారులోనే వదిలేయండి. జీతాలు, ఇళ్ళ స్థలాల రేట్లు మీరుగా ఎత్తకండి. ఎప్పటిదో అప్పు గానీ, పాత పట్టింపు గానీ ఉంటే నలుగురిలో కాకుండా ఇద్దరే ఉన్నప్పుడు తేల్చుకోండి. నెల్లూరు మిత్రుడికి నేను బాకీపడ్డ 600 రూపాయలు ఉండిపోయాయి. మేడ మీదికి తీసుకెళ్ళి ఇచ్చాను. "ఏందిరా ఇది, ఇప్పుడా?" అంటూనే తీసుకుని, నోట్లు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం నుంచి మళ్ళీ ముందులాగే మాట్లాడుతున్నాడు.

రాత్రికి ఆగండి

అదే రాత్రి వెనక్కి తిరగకండి. ఒంగోలులో పడుకోండి. మాటలు ఎంత రాత్రి దాకా సాగినా తొందర ఉండదు. పొద్దున బయల్దేరేటప్పుడు ఎలాగూ ఆవకాయ జాడీ ఇస్తారు. మూతకు పాలిథిన్ కవరు కట్టి, పైన గుడ్డ చుట్టి, డిక్కీలో కాకుండా వెనక సీటు ముందు కాళ్ళ దగ్గర చిన్న బకెట్‌లో నిలబెట్టండి. నూనె కారినా బకెట్‌లోనే ఉంటుంది.