హెంగ్‌దియెన్ సినిమా కోటలను రెండు రోజుల్లో చూసి రావడం ఎలా

చైనాలోని జెజియాంగ్ ప్రావిన్స్‌లో, డోంగ్‌యాంగ్ నగర పరిధిలో ఉన్న హెంగ్‌దియెన్ అనే ఊరు చారిత్రక చిత్రాల చిత్రీకరణకు పెట్టింది పేరు. మన రామోజీ ఫిల్మ్ సిటీ మొదలైన 1996లోనే ఇక్కడా తొలి సెట్ లేచింది. దర్శకుడు షియె జిన్ తీస్తున్న ‘నల్లమందు యుద్ధం’ చిత్రం కోసం షు వెన్‌రోంగ్ అనే స్థానిక పారిశ్రామికవేత్త 19వ శతాబ్దపు గ్వాంగ్‌జౌ వీధులను ఈ ఊళ్లో కట్టించి ఇచ్చారు. ఆ తరువాత చెన్ కైగె చిత్రం కోసం చిన్ చక్రవర్తి కోట, మరికొంత కాలానికి మింగ్, చింగ్ వంశాల రాజప్రాసాదం వచ్చాయి. 2000 సంవత్సరం నుంచి చిత్రబృందాల వద్ద సెట్ల అద్దె తీసుకోవడం మానేశారు. బృందాలు బసకు, భోజనానికి, దుస్తులకు, మనుషులకు పెట్టే ఖర్చుతోనూ, పర్యాటకులు కొనే టికెట్లతోనూ ఊరు నడుస్తుంది. అందుకే ఇక్కడ షూటింగులు ఆగవు, సందర్శకులకు తలుపులూ మూయరు. మీ ప్రయాణాన్ని ఈ షూటింగుల చుట్టూనే అల్లుకోవాలని నా సలహా. కోటలను మాత్రమే చూసి వచ్చినవారు సగమే చూసినట్టు.

మనవాళ్లు మొదట పొరబడేది ఒక్క విషయంలో. రామోజీ ఫిల్మ్ సిటీలో లాగా ఒకే ద్వారం, ఒకే టికెట్, లోపల తిప్పే బస్సు ఉంటాయని అనుకుంటారు. హెంగ్‌దియెన్‌లో ఒక్కొక్క కోటకు వేరే ప్రహరీ, వేరే టికెట్ ఉంటాయి. వాటి మధ్య మామూలు ఊరు, బజారు, బడి, ఇళ్లు ఉంటాయి. ఒక్క రోజులో రెండు చోట్లకు మించి పెట్టుకుంటే కాళ్లు లాగడం తప్ప కళ్లకు ఏమీ మిగలదు. కాబట్టి రెండు పగళ్లు, మధ్యలో ఒక రాత్రి కేటాయించి, కొన్ని చోట్లకు కలిపి ఇచ్చే టికెట్ తీసుకోవడం మేలు.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ముందుగా వీసా తప్పనిసరి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న తెలుగువారు మూడో దేశానికి వెళ్లే టికెట్ చూపగలిగితే, షాంఘై లేదా హాంగ్‌జౌ మీదుగా 240 గంటల వీసా రహిత ట్రాన్సిట్ సదుపాయాన్ని వాడుకోవచ్చు. హాంగ్‌జౌ నుంచి వెన్‌జౌ వెళ్లే హైస్పీడ్ రైలు మార్గం 2024 సెప్టెంబరులో మొదలైనప్పటి నుంచి హెంగ్‌దియెన్‌కు సొంత స్టేషన్ ఉంది. వ్యాపారం పని మీద యీవూ టోకు మార్కెట్‌కు వెళ్లే మన వర్తకులకు ఇది పక్క ఊరే, కనుక సరుకు చూసుకోవడం ముగిశాక రెండు రోజులు ఇటు కేటాయించుకోవచ్చు. రైలు టికెట్‌కు, కోట టికెట్‌కు, హోటల్ గదికి అన్నిటికీ పాస్‌పోర్టే ఆధారం కాబట్టి దానిని గదిలో వదిలి తిరగకూడదు. ఏప్రిల్, మే నెలలు, అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు దాకా వాతావరణం అనుకూలంగా ఉంటుంది. జూన్‌లో ముసురు, జులై, ఆగస్టుల్లో ఉక్కపోత, అక్టోబరు మొదటి వారంలో జాతీయ సెలవుల రద్దీ ఇబ్బంది పెడతాయి.

బయలుదేరే ముందే ఫోనులో అలీపే పెట్టుకొని అంతర్జాతీయ కార్డును జత చేసుకోండి, ఎందుకంటే కొబ్బరి బోండాం మొదలు టాక్సీ దాకా చెల్లింపులు దాని మీదే సాగుతాయి. గూగుల్ మ్యాప్స్, వాట్సాప్ అక్కడి నెట్‌లో పనిచేయవు. శాకాహారులు ‘మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు, మాంసపు రసం ఏవీ వద్దు’ అని చైనీస్‌లో రాయించుకొని వంటవారికి చూపించాలి. కూరగాయ అని చెప్పినంత మాత్రాన అది పంది కొవ్వులో వేగలేదని అర్థం కాదు.

మొదటి రోజు ఉదయం చిన్ చక్రవర్తి కోటతో మొదలుపెట్టండి. చిన్ వంశం నలుపును తన రంగుగా ఎంచుకుంది కాబట్టి ఇక్కడ గోడలు, కప్పులు, స్తంభాలు ముదురు రంగులోనే కనిపిస్తాయి. ఏటవాలు ఎండ పడినప్పుడే ఆ మెట్ల వరస, కప్పుల అంచులు విడివిడిగా తెలుస్తాయి. మధ్యాహ్నానికి ‘చింగ్‌మింగ్’ నదీతీర సెట్‌కు వెళ్లండి. జాంగ్ జెదువాన్ అనే చిత్రకారుడు సోంగ్ వంశపు రాజధానిని అయిదు మీటర్లకు పైగా పొడవున్న పట్టు చుట్ట మీద గీసిన బొమ్మ దీనికి మూలం. అసలు చిత్రం బీజింగ్‌లోని ప్రాసాద మ్యూజియంలో ఉంది. దాని నకలును ఫోనులో దాచుకొని వెళ్తే, వంతెన దగ్గరా, దుకాణాల వరస దగ్గరా నిలబడి గీతను, కట్టడాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

రెండో రోజు తలుపులు తీసే వేళకే మింగ్, చింగ్ ప్రాసాదానికి చేరుకోవాలి. బీజింగ్ రాజప్రాసాదాన్ని దాదాపు అసలు కొలతలతో ఇక్కడ మళ్లీ కట్టారు. నేను వెళ్లిన రోజున ఒక పక్క ద్వారం వద్ద జంట రాతి సింహాలు ఉన్నాయి. వాటిలో ఒకదాని పాదం మూల చిట్లి, లోపలి తెల్లటి థర్మోకోల్ గింజలు బయటపడ్డాయి. ఆర్ట్ విభాగం కుర్రాడొకడు మోకాళ్ల మీద కూర్చొని, స్పాంజితో బూడిద రంగు అద్దుతూ, అద్దిన ప్రతిసారీ వెనక్కి జరిగి రెండో సింహంతో పోల్చి చూసుకుంటున్నాడు. పావుగంట తరువాత నాకు ఆ పగులు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. ఇలాంటివి చూడాలంటే ప్రధాన దారి వదిలి పక్క వాకిళ్లలోకి, వెనక సందుల్లోకి నడవాలి. కేబుళ్లు నేల మీద ఎటు పారుతున్నాయో గమనిస్తే అవే మిమ్మల్ని షూటింగ్ దగ్గరకు తీసుకెళ్తాయి.

షూటింగ్ కనిపించినప్పుడు తాడు కట్టిన చోటే ఆగి, ఫోను సైలెంట్‌లో పెట్టండి. ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే ఫొటో తీయడం మానేయాలి, ఎందుకంటే విడుదల కాని చిత్రం వేషాలు బయటికి పోకూడదన్నది వారి వృత్తికి ప్రాణం. మధ్యాహ్నం విరామంలో కవచాలు విప్పకుండానే గోడవార కూర్చొని డబ్బా అన్నం తినే సైనికులు జూనియర్ ఆర్టిస్టులు. వారిని అక్కడ ‘హెంగ్‌పియావ్’ అంటారు, అంటే హెంగ్‌దియెన్‌కు కొట్టుకొచ్చినవారని అర్థం. మన కృష్ణానగర్ గదుల్లో అవకాశం కోసం కాచుకునే వారిని ఎరిగిన తెలుగువారికి ఆ మాట వివరించనక్కరలేదు. వారి తిండి వేళను ఫొటోల కోసం చెడగొట్టకండి. పని అయ్యాక అడిగితే చాలామంది నవ్వుతూ పక్కన నిలబడతారు.

చివరి మధ్యాహ్నానికి గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ వీధులను ఉంచుకోండి. ఊరంతటికీ మొదటి సెట్‌ను ఆఖరున చూస్తే, ఆ కొద్దిపాటి వీధుల నుంచి ఇంత ఎలా పెరిగిందో తెలుస్తుంది. సామాను హోటల్‌లోనే దాచి వెళ్లి, రైలుకు గంటన్నర ముందు బయటపడితే పాస్‌పోర్టు తనిఖీకి తొందరపడనక్కరలేదు.