మీవాడు కిక్‌ఆఫ్ టీమ్‌లో ఉన్నాడా? అయితే ఇవి చూసుకోండి

అమెరికాలో స్థిరపడిన మన ఇళ్లల్లో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్‌కి వెళ్లే పిల్లలు ఉన్నారు. శుక్రవారం రాత్రి మ్యాచ్‌కి వెళ్తాం, చప్పట్లు కొడతాం, ఫొటోలు తీసి ఊళ్లో అమ్మమ్మ, తాతయ్యలకు పంపిస్తాం. కానీ మైదానంలో ఏ క్షణం ప్రమాదకరమో మనలో చాలామందికి తెలియదు, ఎందుకంటే మనం ఈ ఆటతో పెరగలేదు. ఆ క్షణం కిక్‌ఆఫ్, అంటే ఒక టీమ్ బంతిని దూరంగా అవతలి టీమ్ వైపు తన్ని ఆట మొదలుపెట్టే ఘట్టం. ఇంకో సంగతి, కొత్తగా టీమ్‌లోకి వచ్చినవాళ్లని, ఇంకా మెయిన్ పొజిషన్ దక్కనివాళ్లని కోచ్‌లు తరచుగా ముందు ఈ కిక్‌ఆఫ్ టీమ్‌లోనే దింపుతారు. అంటే ఆట ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లాడే అన్నిటికంటే వేగంగా ఢీకొనే చోట ఉంటాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు కిక్‌ఆఫ్‌లో ఏం జరుగుతుందో అర్థం చేసుకోండి. మామూలు ప్లేలో (ఆటలో ఒక్కో విడతని ప్లే అంటారు) రెండు టీమ్‌లూ ఎదురెదురుగా దగ్గరగా నిలబడి మొదలుపెడతాయి, పరుగు అందుకునేలోపే ఒకరినొకరు పట్టేస్తారు. పాత పద్ధతి కిక్‌ఆఫ్‌లో అలా కాదు. బంతి గాల్లో ఉండగానే పదిమంది నలభై, యాభై యార్డ్‌లు పూర్తి వేగంతో పరిగెడతారు, అవతలివాళ్లు వాళ్లకి ఎదురు పరిగెడతారు. మన కబడ్డీలో రైడర్ ఒక్కడే వస్తాడు, మిగతావాళ్లు కాచుకుని ఉంటారు. ఇక్కడ రెండు వైపుల వేగమూ కలుస్తుంది. వేగం రెట్టింపైతే దెబ్బలో ఉండే శక్తి నాలుగింతలవుతుంది, పదోతరగతి ఫిజిక్స్ అంతే.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2007 సెప్టెంబర్ 9న బఫలో బిల్స్ అనే ప్రొఫెషనల్ టీమ్ ఆటగాడు కెవిన్ ఎవరెట్ రెండో సగం మొదటి కిక్‌ఆఫ్‌లో డెన్వర్ ఆటగాణ్ని ట్యాకిల్ చేసి (ఢీకొట్టి పడేసి) అలాగే కింద పడిపోయాడు, మెడలో మూడో, నాలుగో పూసల దగ్గర విరిగింది. చల్లని సెలైన్ ఎక్కించి ఒంటి వేడి తగ్గించారు, వెంటనే ఆపరేషన్ చేశారు, అదే ఏడాది డిసెంబర్ నాటికి నడవగలిగాడు, మళ్లీ మాత్రం ఆడలేదు. 2010 అక్టోబర్ 16న రట్గర్స్ కాలేజీ ఆటగాడు ఎరిక్ లెగ్రాండ్‌కి కూడా కిక్‌ఆఫ్‌లోనే, అవే పూసల దగ్గర దెబ్బ తగిలింది. అతను అప్పటి నుంచీ వీల్‌చెయిర్‌లోనే ఉన్నాడు. ఆటా అదే, ప్లే అదే, దెబ్బ తగిలిన చోటూ అదే. ఈ రెండు పేర్లూ ఇంట్లో మీవాడికి చెప్పండి, వీడియోలు మాత్రం చూపించకండి.

కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) లెక్కలు కూడా ఇదే మాట చెబుతున్నాయి. ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పాత యూనివర్సిటీలు) కాలేజీల్లో 2015లో మొత్తం ప్లేల్లో కిక్‌ఆఫ్‌లు 6 శాతమే, కంకషన్లలో మాత్రం 21 శాతం వాటిలోనే జరిగాయి. 2016లో కిక్ కొట్టే చోటును 35 యార్డ్ గీత నుంచి 40కి ముందుకు జరిపారు, టచ్‌బ్యాక్‌ని (బంతి మైదానం చివరి భాగమైన ఎండ్‌జోన్‌లో ఆగిపోతే అవతలి టీమ్ ఆట మొదలుపెట్టే గీతని) 25 నుంచి 20కి వెనక్కి తెచ్చారు. బంతి ఎక్కువసార్లు ఎండ్‌జోన్‌లోకి వెళ్లి ఆగిపోవడం మొదలైంది, వెయ్యి కిక్‌ఆఫ్‌లకు దాదాపు 11 కంకషన్లు ఉండేవి 2కి పడిపోయాయి. అంటే పిల్లలు ఒళ్లు దాచుకోనక్కర్లేదు, ధైర్యం తగ్గించుకోనక్కర్లేదు, పరిగెత్తి ఢీకొనే సందర్భాలు తగ్గితే చాలు.

అమెరికాలో పెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ ఈ దారికి మెల్లగా వచ్చింది. చేతులు కలిపి గోడలా కదిలే వెడ్జ్‌ని 2009లో ఇద్దరికి కుదించి, 2018లో పూర్తిగా తీసేసింది. 2011లో కిక్‌ని 35కి జరిపింది. చివరికి 2023లో ఐదు కిక్‌ఆఫ్‌ల్లో ఒకటి మాత్రమే రిటర్న్ అయ్యే (అంటే బంతి అందుకున్నవాడు దాంతో ఎదురు పరిగెత్తే) స్థితి వచ్చింది, 2024 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్‌లో) అయితే ఒక్కటీ రిటర్న్ కాలేదు. అప్పుడు ఎక్స్ఎఫ్ఎల్ అనే చిన్న లీగ్ 2020లో వాడిన పద్ధతిని కొంత మార్చి తెచ్చుకున్నారు. ఇప్పుడు కిక్కర్ ఒక్కడే 35 దగ్గర ఉంటాడు, అతని పదిమందీ ముందే వెళ్లి అవతలివాళ్ల 40 గీత మీద నిలబడతారు, వాళ్లకి ఐదు యార్డ్‌ల దూరంలోనే ఎదుటి టీమ్ ఉంటుంది, బంతి నేలను గానీ రిటర్నర్‌ని గానీ తాకేదాకా ఆ వరసల్లో ఎవరూ కదలకూడదు. రిటర్న్ ఉంటుంది, లాంగ్ రన్నింగ్ ఉండదు. నాకు ఇది నిజంగా మంచి మార్పు అనిపిస్తుంది. ఆదివారం ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్ చూసేటప్పుడు పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, రెండు వరసల మధ్య దూరం ఎంత తక్కువుందో చూపించండి. తర్వాత మీవాడి స్కూల్ కిక్‌ఆఫ్ వీడియో పెట్టండి, అక్కడ పాత దూరమే కనిపిస్తుంది. హైస్కూల్‌కీ కాలేజీకీ ఆ రూల్ రాలేదు, కాబట్టి మన జాగ్రత్త మనదే.

ఇక మీరు చేయాల్సిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది తల ఎటుందో చూడటం. మెడకి సహజంగా కొంచెం వంపు ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు ఆ వంపు కొంత భారాన్ని తీసుకుంటుంది. గడ్డం ఛాతీ వైపు దాదాపు 30 డిగ్రీలు వంచితే ఆ వంపు పోయి, పూసలు ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకల్లా నిటారుగా అయిపోతాయి. ఆ స్థితిలో నడినెత్తి తగిలితే తల అక్కడే ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం ఆగదు, వెనక నుంచి అదే వేగంతో వస్తుంది, మధ్యలో నలిగేది మెడ. ఎంత ఖరీదైన హెల్మెట్ కొన్నా పుర్రెకే రక్షణ, మెడకి కాదు. 1976లో హైస్కూల్, కాలేజీ ఆటల్లో తలతో గుద్దడాన్ని నిషేధించాక మెడ విరిగి కాళ్లూ చేతులూ పడిపోయే కేసులు బాగా తగ్గాయి.

చాలా స్కూళ్లు మ్యాచ్ వీడియోలు హడల్ (Hudl) అనే యాప్‌లో పెడతాయి, మీవాడి ఫోన్‌లోనే ఉంటాయి. ప్రతి కిక్‌ఆఫ్‌నీ ఢీకొనడానికి ఒక్క అడుగు ముందు ఆపండి. ఫేస్‌మాస్క్ (హెల్మెట్ ముందుండే కడ్డీల జాలీ) ఎదుటివాడి వైపుందా, నేల వైపుందా? నేల వైపుంటే ట్యాకిల్ ఎంత బాగా వచ్చినా, స్టాండ్స్‌లో అందరూ ఎంత అరిచినా, ఆ వారమే కోచ్‌తో మాట్లాడండి. నాలుగో క్వార్టర్‌వి తప్పకుండా చూడండి, అలసిపోయాక తల దానంతటదే కిందికి వాలుతుంది. పిల్లాడికి చెప్పాల్సింది ఒకటే మాట: ఏం కొడుతున్నావో చూస్తూ కొట్టు. భుజం తగలాలి, తల పక్కకి ఉండాలి.

కోచ్‌ని అడగడానికి మొహమాటపడకండి. మనకి స్కూల్లో టీచర్‌ని ప్రశ్నించే అలవాటు తక్కువ, ఇక్కడ మాత్రం అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. ప్రాక్టీస్‌లో వారానికి ఎన్ని కిక్‌ఆఫ్‌లు పూర్తి వేగంతో, నిజం ట్యాకిల్‌తో చేయిస్తున్నారు? ప్రాక్టీస్‌కీ మ్యాచ్‌కీ అథ్లెటిక్ ట్రైనర్ ఉంటారా? (వీళ్లు జిమ్ ట్రైనర్లు కాదు, దెబ్బల్ని గుర్తించి ప్రథమ చికిత్స చేయడానికి చదువుకుని లైసెన్స్ తీసుకున్నవాళ్లు.) గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గర? అంబులెన్స్ ఏ గేటు నుంచి వస్తుంది? ఇవన్నీ రాసిపెట్టిన ఎమర్జెన్సీ ప్లాన్ ఉండాలి, చూపించమనండి. 2023 జనవరి 2న బఫలో బిల్స్ ఆటగాడు డామార్ హామ్లిన్ గుండె మైదానంలోనే ఆగిపోయింది, అది కిక్‌ఆఫ్ కాకపోయినా. అక్కడికక్కడే సీపీఆర్ చేసి, ఏఈడీ వాడబట్టి బతికాడు, మళ్లీ ఆడాడు కూడా. మీరూ సీపీఆర్ నేర్చుకోండి, కొన్ని గంటల క్లాసు.

పిల్లాడు పడిపోయి లేవకపోతే ఏం చేయాలి? ఇక్కడ మన అలవాటే మనకి శత్రువు. ఎవరైనా పడిపోతే మనం పరిగెత్తుకెళ్లి లేపి కూర్చోబెడతాం, ముఖం మీద నీళ్లు చల్లుతాం, తాగిస్తాం. మెడ దెబ్బ అనుమానం ఉన్నప్పుడు ఇందులో ఏదీ చేయకూడదు. కదపకూడదు, హెల్మెట్ లాగకూడదు, నీళ్లు ఇవ్వకూడదు. తలని రెండు చేతులతో కదలకుండా పట్టుకోవడం, ఊపిరి కోసం ఫేస్‌మాస్క్ తీయడం ట్రైనర్ల పని. మీరు సైడ్‌లైన్ దాకా వెళ్లి వాడికి మీ గొంతు వినపడేలా, "కదలకు నాన్నా, నేనిక్కడే ఉన్నా" అనండి, తల ఊపి జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు అడగకండి. ట్రైనర్ లేకపోతే 911కి ఫోన్ చేయండి. లేచి నడిచాడు కదా అని వదిలేయకండి, రెండు చేతుల్లో గానీ కాళ్లలో గానీ తిమ్మిరి, మంట, నీరసం ఉన్నా, మెడ మధ్యలో ఎముక మీద నొప్పి ఉన్నా మళ్లీ కదలనివ్వకుండా అంబులెన్స్ పిలవండి.

కంకషన్ అయితే పైకి కనిపించదు, స్పృహ తప్పనక్కర్లేదు కూడా. అడిగిందే అడగడం, వెలుతురు భరించలేకపోవడం, తల దిమ్ముగా ఉండటం, చిరాకు, స్కోరు మర్చిపోవడం, ఇలాంటివి చూడండి. తలనొప్పి పెరుగుతున్నా, మళ్లీమళ్లీ వాంతులైనా, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించినా, మాట తడబడినా, నిద్రలేపితే లేవకపోయినా 911. పిల్లలు దాస్తారు, ప్లేస్ పోతుందని టెన్షన్. అందుకే సీజన్ మొదట్లోనే, దెబ్బ చెప్పినందుకు ఇంట్లో ఎవరూ కోప్పడరని మాట ఇవ్వండి. అనుమానం ఉంటే ఆ రోజు మళ్లీ ఆడకూడదు. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం దీన్ని చట్టం చేసింది, 2014 నాటికి 50 రాష్ట్రాల్లోనూ యూత్ కంకషన్ చట్టాలు వచ్చాయి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం పోవచ్చు, అరుదే అయినా నిజంగా జరుగుతుంది.

డాక్టర్ రాసిచ్చాక కూడా నడక, పరుగు, ఢీకొనడం లేని డ్రిల్స్, తర్వాత ట్యాకిల్, ఇలా మెట్టు మెట్టుగా వెళ్తారు, ఒక్కో మెట్టుకీ కనీసం 24 గంటలు. లక్షణం తిరిగొస్తే కింది మెట్టుకి. అన్ని మెట్లూ దాటి ఆటలోకి వచ్చాక మొదటి రెండు మ్యాచ్‌లకి కిక్‌ఆఫ్ టీమ్ నుంచి తప్పించమని కోచ్‌కి ఈమెయిల్ పెట్టండి, నోటితో చెప్పి ఊరుకోకండి.