బండి మీద ఉన్న చలాన్లు చూసుకోవడం, సరిచేసుకోవడం ఎలా: హైదరాబాద్ వాహనదారులకు

మా బావమరిది నిరుడు తన పాత స్కూటర్‌ను అమ్మకానికి పెట్టాడు. బేరం కుదిరి అడ్వాన్సు చేతికి అందబోతుండగా, కొనడానికి వచ్చినతను కూర్చున్నచోటనే ఫోన్ తీసి బండి నంబరు కొట్టి చూసి, "అన్నా, దీని మీద తొమ్మిది చలాన్లు ఉన్నాయి" అన్నాడు. మా వాడికి తెలిసినవి రెండే. మిగిలిన ఏడింటిలో నాలుగు వాళ్ళబ్బాయి స్నేహితుడిని వెనక ఎక్కించుకుని కాలేజీకి వెళ్ళిన రోజులవి, ఒకటి నో పార్కింగ్‌ది, చివరి రెండూ అసలు ఆ బండివే కావు. వాటన్నింటి సందేశాలూ అతను ఎప్పుడో వాడడం మానేసిన సిమ్‌కు వెళ్ళాయి. ఆ సాయంత్రం నుంచి చిక్కు మొత్తం విప్పే పని నా మీద పడింది; అప్పుడు నేర్చుకున్నదే ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట గ్రహించవలసిన సంగతి ఏమిటంటే, కెమెరా ద్వారా నమోదయ్యే చలాన్ బండి నడిపిన మనిషిని చూసి పడదు, నంబరు ప్లేటును చూసి పడుతుంది. కూడలిలో ఆపి చేతి యంత్రంతో రాసే చలాన్ సంగతి మనకు అక్కడికక్కడే తెలుస్తుంది. కానీ సిగ్నల్ దగ్గరి కెమెరాలు, వేగాన్ని కొలిచే లేజర్ గన్లు, రోడ్డు పక్కన నిలబడిన కానిస్టేబుల్ చేతిలోని కెమెరా తీసిన ఫొటోల ఆధారంగా పడేవి రవాణా శాఖ రికార్డులో ఆ నంబరుకు ఎవరి పేరు ఉంటే వారి ఖాతాలోకి చేరతాయి. బండి తమ్ముడికి ఇచ్చినా, మెకానిక్ ట్రయల్ చూడడానికి తీసుకువెళ్ళినా, అమ్మేసి కాగితాలు మార్చకపోయినా జవాబు చెప్పవలసింది ఆర్సీలో పేరున్న మనిషే. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం, ఆ సమయంలో బండి నడిపినవారి వివరాలను పోలీసులు అడిగితే చెప్పవలసిన బాధ్యత కూడా యజమానిదే.

చలాన్లు చూడడానికి కూర్చునే ముందు ఆర్సీని దగ్గర పెట్టుకోండి. నంబరుతో పాటు ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరు చివరి అంకెలు అవసరం కావచ్చు. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్ తెరిచి బండి నంబరును ఆర్సీలో ఉన్నది ఉన్నట్లుగా, మధ్యలో ఖాళీలు లేకుండా టైప్ చేయాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తున్నారు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అక్షరాలతో రిజిస్ట్రేషన్ మొదలైంది కనుక పాత టీఎస్ నంబరును కూడా టీజీ అని కొట్టి, ఏమీ రాకపోయేసరికి చలాన్లు లేవని సంతోషిస్తారు. పాత నంబర్లు మారలేదు; టీఎస్ 09 బండి ఇప్పటికీ టీఎస్ 09 బండే, ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 28తో రిజిస్టర్ అయినది ఏపీ 28తోనే వెతకాలి. ప్లేటు మీద అక్షరాలను సొంతంగా మార్పించుకున్నవారు వెంటనే పాతవి పెట్టించుకోవడం మంచిది, ఎందుకంటే ఆర్సీతో సరిపోలని ప్లేటు తానే ఒక ఉల్లంఘన.

ఇతర రాష్ట్రాల్లో పడిన చలాన్లు ఈ జాబితాలో కనిపిస్తాయని అనుకోవద్దు. ఊళ్ళు తిరిగేవారు కేంద్ర రవాణా శాఖ నిర్వహించే పరివాహన్ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో కూడా అదే నంబరుతో వెతికి చూసుకోవాలి.

జాబితా తెరుచుకోగానే అందరి చూపూ అడుగున ఉన్న మొత్తం మీదికి పోతుంది. నా సలహా ఏమిటంటే, ఆ అంకెను కాసేపు పక్కన పెట్టి ఒక్కో వరుసనూ చదవండి. ప్రతి వరుసలోనూ చలాన్ నంబరు, తేదీ, సమయం, ఉల్లంఘన జరిగిన చోటు, అది ఏ పోలీస్ స్టేషన్ పరిధిలోకి వస్తుందో, ఏ తప్పుకు ఎంత జరిమానానో, యూజర్ ఛార్జీలు ఎంతో ఉంటాయి. చివర ఫొటో ఉంటుంది. అసలు చూడవలసినది ఆ ఫొటోనే. మా వాడి జాబితాలో నాలుగు వరుసల్లో వెనక కూర్చున్నవారికి హెల్మెట్ లేనందుకు 100, యూజర్ ఛార్జీలు 35, వెరసి 135 రూపాయలు అని ఉంది. ఫొటోలు తెరిచి చూస్తే ముందున్న అబ్బాయి హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు, వెనక ఉన్నవాడి తల మీద మాత్రం ఏమీ లేదు. నడిపేవాడు పెట్టుకుంటే చాలు అనుకునే ఇళ్ళు మన ఊళ్ళో చాలా ఉన్నాయి కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

మా బండివి కావని చెప్పిన రెండు ఫొటోలనూ పెద్దవి చేసి చూశాము. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర తీసిన దానిలో ఉన్నది నల్ల మోటార్‌సైకిల్. మాది బూడిద రంగు స్కూటర్. ఆ మోటార్‌సైకిల్ ప్లేటు కింది అంచు వంగి, 8 అంకె కింది సగం బురదతో పూడుకుపోయి చూపుకు 9లా ఉంది. ఆ ఒక్క అంకె తేడాతో ఎవరో చేసిన సిగ్నల్ జంప్ మా లెక్కలోకి వచ్చింది. ఇలాంటిది దొరికితే ఎంత చిన్న మొత్తమైనా కట్టవద్దని నా అభిప్రాయం. డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే, ఆ తరువాత అభ్యంతరం చెప్పడానికి ఏమీ మిగలదు. పైగా మీ నంబరుతో వేరొక బండి నిజంగానే తిరుగుతూ ఉంటే అది చలాన్లతో ఆగే వ్యవహారం కాదు. ఫొటోలోని ప్లేటు మీద మీ నంబరే స్పష్టంగా ఉండి బండి మాత్రం వేరైతే, ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

అభ్యంతరం తెలిపే పద్ధతి కష్టమైనది కాదు, కానీ వివరంగా రాయాలి. వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు చేసే వీలుంది. అక్కడ పని జరగకపోతే ఉల్లంఘన నమోదైన ప్రాంతపు ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు వెళ్ళవచ్చు. "ఈ చలాన్ తప్పు, తీసేయండి" అని ఒక వాక్యం రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. చలాన్ నంబరు, తేదీ, చోటు రాసి, ఫొటోలోని బండికీ మీ బండికీ ఉన్న తేడాను ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి, ఆర్సీ కాపీ, మీ బండి వెనక వైపు ఫొటో జతచేయండి. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2021లో చేర్చిన 167ఎ నియమం ప్రకారం, ఎలక్ట్రానిక్ నిఘా ద్వారా నమోదైన ఉల్లంఘనకు నోటీసును 15 రోజుల లోపు పంపాలి, చలాన్ పరిష్కారమయ్యే వరకు ఆ రికార్డును భద్రపరచాలి. ఆధారం చూపమని అడగడం కాబట్టి గొంతెమ్మ కోరిక ఏమీ కాదు. అయితే "నేను ఆ రోజు ఆ దారిన వెళ్ళలేదు" అనే మాట ఒక్కటే సరిపోదు. ఫొటోలో ఉన్నది మీ బండే అయితే ఎవరు నడిపారన్న ప్రశ్న మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది.

జరిమానాల విషయంలో ఒక చిన్న హెచ్చరిక. 2019లో కేంద్రం జరిమానాలను బాగా పెంచుతూ తెచ్చిన సవరణను తెలంగాణ అప్పట్లో అమలులో పెట్టలేదు. అందువల్ల ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికలు చూసి కంగారు పడకుండా, మీ వరుసలో రాసి ఉన్న మొత్తాన్నే లెక్కలోకి తీసుకోండి.

న్యాయంగా కట్టవలసినవి కట్టడం సులువే. వెబ్‌సైట్ నుంచి యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్‌తో కట్టవచ్చు, మీసేవ కేంద్రానికీ వెళ్ళవచ్చు. అన్నీ ఒకేసారి కట్టనవసరం లేదు, వివాదంలో ఉన్నవాటిని వదిలి మిగిలినవి ఎంచుకోవచ్చు. రసీదును పీడీఎఫ్‌గా దాచుకుని, రెండు మూడు రోజుల తరువాత మళ్ళీ నంబరు కొట్టి చూడండి. డబ్బు ఖాతాలోంచి పోయి చలాన్ జాబితాలో అలాగే ఉండిపోయినప్పుడు లావాదేవీ నంబరు ఒక్కటే అక్కరకు వస్తుంది.

రాయితీ వస్తుందేమోనని ఎదురుచూసేవారి సంగతి కూడా చెప్పాలి. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పెండింగ్ చలాన్ల మీద 75 శాతం, 2023 డిసెంబరు చివర మొదలైన రెండో విడతలో 80 శాతం తగ్గింపు ఇచ్చిన మాట నిజం. అప్పటి నుంచి నగరంలో చలాన్ కట్టడమంటే పండుగ సేల్ కోసం కాచుకుని కూర్చోవడంలా తయారైంది. తదుపరి విడత ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు, ఈలోగా తనిఖీలో బండి ఆగితే రోడ్డు మీద వాదన తప్పదు. 135 రూపాయలలో వంద మిగుల్చుకోవడానికి అంత శ్రమ ఎందుకో నాకైతే అర్థం కాదు.

మద్యం తాగి నడిపిన కేసు మాత్రం ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ముగించుకునేది కాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే 185వ సెక్షన్ కింద కోర్టుకు హాజరు కావాలి. మొదటిసారి అయితే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మైనర్‌కు బండి ఇచ్చిన కేసులో 199ఎ సెక్షన్ తల్లిదండ్రులను, యజమానిని కూడా బోనెక్కిస్తుంది.

ఇక మోసాల మాట. "మీ వాహనంపై చలాన్ ఉంది, వివరాలకు ఈ యాప్ వేసుకోండి" అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తే తెరవకండి. అది ఫోన్‌లోని ఓటీపీలను కాజేసే పనిముట్టు. లింకు వచ్చినా దానిమీద నొక్కకుండా, జీఓవీ డాట్ ఇన్‌తో ముగిసే చిరునామాను మీరే టైప్ చేసి చూసుకోండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ తిరిగి వచ్చే అవకాశం సన్నగిల్లుతుంది.

రవాణా శాఖ రికార్డులోని ఫోన్ నంబరు, చిరునామా ఇప్పటివేనా అని తప్పక చూసుకోండి. మా బావమరిది ఇబ్బందికి మూలం ఆ పాత సిమ్మే కదా. నంబరు మార్పించాక కూడా నెలకొకసారి, కరెంటు బిల్లు కట్టే రోజునే అనుకోండి, బండి నంబరు కొట్టి చూసే అలవాటు మా ఇంట్లో మొదలుపెట్టాము.

బండి అమ్మేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. తెల్లకాగితం మీద సంతకాలు, చేతిలో పెట్టిన డబ్బు యాజమాన్యాన్ని మార్చవు. 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు అమ్మినవారు 14 రోజుల లోపు, కొన్నవారు 30 రోజుల లోపు రవాణా శాఖకు తెలియజేయాలి. దానికి ఫారం 29, ఫారం 30 ఉన్నాయి. ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్లుగా ఫారం 35 కూడా కావాలి. అప్పగించిన తేదీతో పాటు గంట కూడా రాసిన కాగితం మీద కొనేవారి సంతకం తీసుకుంటే, ఆ సాయంత్రమే అతను సిగ్నల్ దాటేసినా మీ దగ్గర చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

మా ఫిర్యాదుకు మూడో వారంలో ఫలితం కనిపించింది, ఆ రెండు వరుసలూ జాబితా నుంచి పోయాయి. ఖాళీ జాబితాను స్క్రీన్‌షాట్ తీసి కొనేవాడికి పంపితే, మరుసటి ఆదివారం వచ్చి రెండు ఫారాల మీదా సంతకాలు చేశాక స్కూటర్ తాళం తీసుకున్నాడు.