తిరుపతి నుంచి అమెరికా సర్జరీ రెసిడెన్సీకి అప్లై చేయడం, ఇంటర్వ్యూ ఇవ్వడం ఎలా?

మన దగ్గర నీట్ పీజీలో ర్యాంకు వస్తే కౌన్సెలింగ్‌లో సీటు వస్తుంది, ఎవరూ కూర్చోబెట్టి ప్రశ్నలు అడగరు. అమెరికాలో జనరల్ సర్జరీకి అలా కాదు. మార్కులు ఇంటర్వ్యూ పిలుపు దాకా తీసుకెళ్తాయి, ఆ తర్వాత మీ మాటే. ఎస్వీ మెడికల్ కాలేజీ నుంచి, చుట్టుపక్కల కాలేజీల నుంచి వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లతో ఏటా మాక్ ఇంటర్వ్యూలు చేయిస్తుంటాను. దాదాపు అందరూ ఒకే చోట జారుతున్నారు. ఆ చోటికి త్వరగా వెళ్దాం.

1. పరీక్షలు, కాగితాలు

యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికా డాక్టర్ల లైసెన్సు పరీక్ష) స్టెప్ 1కి 2022 జనవరి నుంచి పాస్, ఫెయిల్ తప్ప స్కోరు లేదు. కాబట్టి బలమంతా దాని తర్వాతి మెట్టు, క్లినికల్ జ్ఞానం చూసే స్టెప్ 2 సీకే మీద పెట్టండి. ఓఈటీ (వైద్యరంగం వాళ్ల ఇంగ్లిష్ పరీక్ష) రాసి ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ (విదేశాల్లో చదివిన డాక్టర్లకు కావాల్సిన అర్హత పత్రం) తెచ్చుకోండి. కాలేజీ ఆఫీసు నుంచి వెళ్లాల్సిన కాగితాల పని ఆరు నెలల ముందే మొదలుపెట్టండి.

2. అప్లికేషన్

అప్లికేషన్ ఈరాస్ అనే సైటులో నింపాలి. ఒక్కో ప్రోగ్రాముకు (అంటే ఒక్కో ఆసుపత్రి నడిపే శిక్షణకు) నాలుగు సిఫారసు లేఖల వరకు పెట్టవచ్చు. అవి మీ పని కళ్లారా చూసిన సర్జన్లు రాసినవే కావాలి. మిమ్మల్ని గుర్తుపట్టని పెద్ద ప్రొఫెసర్ లేఖ వద్దు. కేటగారికల్ సీటంటే ఐదేళ్ల పూర్తి శిక్షణ. ప్రిలిమినరీ సీటు మాత్రం ఏడాదికే, ఆ తర్వాత హామీ లేదు. ఆ ప్రోగ్రాము వీసా ఇప్పిస్తుందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

పర్సనల్ స్టేట్‌మెంట్ ఒక్క పేజీ. ముందు పెన్నుతో కాగితం మీద రాయాలి, టైపింగ్ తర్వాతే. "చిన్నప్పటి నుంచి డాక్టర్ కావాలని" అనే వాక్యం అందులో ఉండకూడదు.

3. టైము, కరెంటు

ఇంటర్వ్యూలు అక్టోబరు నుంచి జనవరి దాకా, చాలావరకు జూమ్‌లో జరుగుతాయి. అక్టోబరులో న్యూయార్క్‌కి మనకు తేడా తొమ్మిదిన్నర గంటలు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి జరుపుతారు, అప్పుడు పదిన్నర అవుతుంది. అంటే అక్కడి ఉదయం 8 గంటలు మనకు మొదట సాయంత్రం 5:30, తర్వాత 6:30. నవంబరు లెక్కతో అక్టోబరు ఇంటర్వ్యూకి కూర్చుంటే గంట ఆలస్యమైనట్టే.

పైగా అవి మనకు వాన నెలలు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇన్వర్టర్ ఉండాలి. వైఫై పోతే అందుకోవడానికి వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను పక్కనే ఉండాలి. చొక్కా లేత నీలం, పైన ముదురు కోటు. వెనక గోడ మీద దేవుడి పటం ఉంటే తీయనక్కర్లేదు.

4. "ఆ కేసులో మీరేం చేశారు?"

మనం మామూలుగా "ఆపరేషన్ చేశాం", "కడుపు తెరిచి చూశాం" అంటాం. యూనిట్ అంతటికీ కలిపి చెప్పే ఈ "చేశాం" మన దగ్గర మర్యాద. ఇంటర్వ్యూలో మాత్రం అది మిమ్మల్ని దాచేస్తుంది, లేదా చేయనిది చేసినట్టు వినిపిస్తుంది. రెండూ నష్టమే.

"అన్నా, అపెండిక్స్‌లు ఎన్ని చేశానని చెప్పమంటావ్?" అని అడిగేవాళ్లుంటారు. చేసినన్నే చెప్పండి. హౌస్ సర్జన్‌గా రిట్రాక్టర్ పట్టుకుని, చర్మానికి కుట్లు వేసి ఉంటే అదే చెప్పండి. అవతల కూర్చున్నది సర్జన్. "బేస్ దగ్గర అతుక్కుపోయి ఉంటే ఏం చేశారు?" అని అడిగితే అబద్ధం అక్కడే బయటపడుతుంది. ఒకవేళ నమ్మినా మీకు మేలు జరగదు. సీనియర్ లేకుండా ఒంటరిగా కత్తి పట్టానని గొప్పగా చెప్పే ఇంటర్న్‌ను చూస్తే, రేపు మా పేషెంట్ దగ్గరా ఇలాగే చేస్తాడని వాళ్లు భయపడతారు.

పొరపాటు గురించిన ప్రశ్న ఇంకా కష్టం. ఒక చెల్లెలు డయాబెటిక్ ఫుట్ పేషెంట్ సంగతి చెప్పింది. రాత్రి రెండింటికి పల్స్ పెరిగింది, ఉదయం రౌండ్స్‌లో సార్ చూసి వెంటనే కుళ్లిన భాగం తీసేసే డిబ్రైడ్‌మెంట్‌కి తీసుకెళ్లారు. మొదటిసారి చెప్పినప్పుడు "సిస్టర్ నాకు ఆలస్యంగా చెప్పింది" అంది. మళ్లీ చెప్పించాను. నాలుగోసారికి అసలు మాట వచ్చింది: "నేనే చూశాను. డ్రెస్సింగ్ మార్చి ఊరుకున్నాను. సీనియర్‌ని నిద్రలేపడానికి భయపడ్డాను. ఇప్పుడు పల్స్ పెరిగితే ముందు ఫోన్ చేస్తాను." సీనియర్‌ని ఎప్పుడు పిలిచారు, ఎందుకు పిలవలేదు అన్నదే ఈ జవాబుకు ప్రాణం. పేషెంట్ పేరు, ఊరు, ఫొటో మాత్రం ఎక్కడా రాకూడదు.

ప్రాక్టీసు ముందు తెలుగులోనే చేయాలి. డాక్టర్ కాని మనిషికి, అమ్మకైతే ఇంకా మంచిది, ఆ కేసు చెప్పండి. "అప్పుడు నువ్వేం చేశావురా?" అని ఆమె ఎక్కడ అడిగితే అక్కడ మీ కథలో "చేశాం" దాక్కుని ఉంది. దాన్ని "నేను" చేసి, తర్వాత ఇంగ్లిష్‌లోకి రండి. కన్సల్టెన్సీలు డబ్బు తీసుకుని ఇచ్చే రెడీమేడ్ జవాబులతో ఇది సాధ్యం కాదు. వాటిని బట్టీ పట్టిన పదిమంది ఒకే గొంతుతో మాట్లాడతారు, ఎదురు ప్రశ్న పడగానే ఆగిపోతారు.

5. ర్యాంక్ లిస్ట్

ఇంటర్వ్యూలు అయ్యాక మీరు ప్రోగ్రాముల జాబితా ఇవ్వాలి. వాటిని మీకు నచ్చిన వరుసలోనే పెట్టండి. "వాళ్లు నన్ను తీసుకుంటారా" అని లెక్కలు వేయొద్దు. మీ జాబితాను, ప్రోగ్రాముల జాబితాలను కలిపి చూసి సీట్లు పంచే మ్యాచ్ పద్ధతిని తిరిగి రూపొందించిన ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ పద్ధతి అభ్యర్థి ఇష్టం వైపు నుంచే మొదలవుతుంది, కాబట్టి కష్టమైన ప్రోగ్రామును పైన పెట్టినా కింది సీటు అవకాశం తగ్గదు. మమ్మల్ని ఎన్నో స్థానంలో పెడతావని ప్రోగ్రాములు అడగకూడదన్నది నిబంధన.

మార్చిలో మ్యాచ్ వారం సోమవారం సీటు వచ్చిందా లేదా తెలుస్తుంది, ఎక్కడన్నది శుక్రవారం రాత్రి మన టైము 9:30కి. సోమవారం రాలేదని తెలిస్తే మిగిలిన సీట్లకు సోప్ అనే మరో విడత అదే వారంలో నడుస్తుంది. అందుకే ఆ వారం ప్రయాణాలు, డ్యూటీలు పెట్టుకోకుండా ల్యాప్‌టాప్ దగ్గరే ఉండండి.